వణకని గొంతు

నేను శుక్రవారం సాయంత్రాలు ఒక రెస్టారెంట్‌లో జాజ్ పాడేదాన్నని మా అమ్మ చుట్టాలెవరికీ చెప్పలేదు. ఎవరైనా అడిగితే "ఏదో మ్యూజిక్ క్లాస్‌కి వెళ్తోందిలే" అని మాట తప్పించేది. జనం ప్లేట్లలో చికెన్ కోసుకుంటూ ఉంటే కన్నకూతురు పక్కన నిలబడి పాడటం ఆవిడకు మింగుడు పడలేదు. పడకపోతే పోనీ, పాడేది నేను, వినేది వాళ్లు, మధ్యలో ఈవిడకేం నొప్పి అనుకునేదాన్ని. ఇప్పుడా గొడవ లేదు. పాడటం మానేశాను. ఎందుకు మానేశానో చెప్పడానికే ఇది రాస్తున్నాను, ఓదార్పు కోసం కాదు. ఓదార్చడానికి వచ్చినవాళ్లను ఇప్పటికే కొందరిని కసిరి పంపించాను.

మేం ఉండేది అమెరికాలోని షాంటిలీలో. నాన్న ఉద్యోగం మీద, నాకు ఎనిమిదేళ్లప్పుడు గుంటూరు నుంచి వచ్చి పడ్డాం. ఇప్పుడు నాకు ముప్పై దాటాయి. అమ్మావాళ్ల ఇంటికి దగ్గర్లోనే అపార్ట్‌మెంట్ తీసుకుని, ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ చేస్తాను. అంటే ఇంకొకళ్లు చేసిన పనిలో తప్పులు వెతకడం. ఆ గుణం నాకు ఉద్యోగం వల్ల రాలేదు. ఆ గుణం ఉండబట్టే ఉద్యోగం వచ్చింది.

జాజ్ నాకు కాలేజీలో అంటుకుంది. నా రూమ్మేట్ వంట చేసుకుంటూ పెట్టేది. మొదట్లో చిరాకేసేది. తాళం ఎక్కడుందో తెలిసేది కాదు, పాడేవాళ్లు బద్ధకంగా, వెనకపడి వస్తున్నట్టుండేది. ఒకరోజు ఎవరో ఆడమనిషి ఒక నెమ్మది పాట పాడుతూ చివరి మాట దగ్గర స్వరాన్ని చాలాసేపు పట్టుకుంది. ముందు తిన్నగా ఉంది. ఇక ఊపిరి అయిపోతుందనగా ఆ స్వరం దానంతట అదే సన్నగా కదలడం మొదలుపెట్టింది. అన్నం ఉడుకు పట్టాక గిన్నె మీద మూత కదులుతుంది చూడండి, అలాగ. మూతను ఎవరూ కదిలించరు. చేతిలో ప్లేటు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఆవిడ బాధ అంతా ఆ కదలికలో ఉంది, మాటల్లో లేదు. దాన్ని వైబ్రాటో అంటారని తర్వాత తెలిసింది. నాకు అది కావాలి అనుకున్నాను. జీవితంలో నాకు ఇల్లు కావాలనీ కారు కావాలనీ అంత గట్టిగా ఎప్పుడూ అనిపించలేదు.

రెస్టారెంట్‌లో నన్ను పాడనిచ్చింది అక్కడి పియానో ఆయన. స్కూల్లో బ్యాండ్ మాస్టారుగా చేసి రిటైరైన పెద్దాయన. ఆయన, ఒక బేస్ వాయించే మనిషి, ఒక డ్రమ్మర్, ఒక గాయని. వాళ్లదే ఆ శుక్రవారాల కచేరీ. ఒకసారి మా ఆఫీసు వాళ్ల ఫేర్‌వెల్ డిన్నర్‌కి అక్కడికి వెళ్లినప్పుడు నా టీమ్‌లోవాళ్లు "ఈమె పాడుతుంది, ఈమె పాడుతుంది" అని నన్ను ముందుకు తోశారు. సిగ్గుతో చచ్చాను గానీ పాడాను. పెద్దాయన నా వైపు కళ్లద్దాల మీదుగా చూసి, "శ్రుతి మాత్రం దేవుడిచ్చాడు నీకు" అన్నాడు, ఇంగ్లిష్‌లోనే. దేవుడు కాదు, ఒక ఆంటీ ఇచ్చింది. ఆవిడ సంగతి తర్వాత చెప్తాను.

అప్పటినుంచి రెండేళ్లపాటు ప్రతి శుక్రవారం వెళ్లాను. హుషారు పాటలు ఒకటో రెండో నాకిచ్చేవాడు. మంగళవారాలు ఆఫీసయ్యాక ఆయన ఇంటికి వెళ్లి నేర్చుకునేదాన్ని. టీ కప్పు మైక్రోవేవ్‌లో పెట్టి మరిచిపోయేవాడు. నేను వెళ్లేసరికి అది ఎప్పుడూ అందులోనే ఉండేది. మంచివాడు. మంచివాడే గానీ అబద్ధం చెప్పడం చేతకాదు.

గత వసంతంలో వాళ్ల గాయని కూతురి దగ్గరుండటానికి వేరే రాష్ట్రం వెళ్లిపోతున్నానని చెప్పింది. ఆ మంగళవారం పెద్దాయన పియానో మూత వేసేసి నాతో మాట్లాడాడు.

"ఆ చోటు నీకివ్వాలని ఉంది. హుషారు పాటలకు నీకు వంక పెట్టలేను. కానీ జనం వచ్చేది నెమ్మది పాటల కోసం. పెళ్లి రోజులని వస్తారు, ఎవరో పోతే వస్తారు. నువ్వు ఆ పాటలు పాడితే తప్పు ఒక్కటీ ఉండదు, మనిషి కూడా ఉండదు. చివర్లో స్వరం కర్రలా నిలబడిపోతోంది."

"వైబ్రాటో లేకుండా పాడేవాళ్లు లేరా?" అన్నాను. నాకు రోషం తొందరగా వస్తుంది.

"ఉన్నారు. వాళ్లు ఉన్నదాన్ని ఆపుకుంటారు. ఆపి, సరిగ్గా కావలసిన చోట వదులుతారు. నీ దగ్గర ఆపుకోవడానికి ఏముంది?"

వేసవి అయిపోయేదాకా చూస్తానన్నాడు. అది వస్తే చోటు నాది, రాకపోతే ఇంకొకళ్లను వెతుక్కుంటాడు. అంత సూటిగా చెప్పినందుకు ఆయన మీద కోపం వచ్చింది. నిజం చెప్పినవాళ్ల మీద కాకపోతే ఇంకెవరి మీద వస్తుంది నాకు?

స్వరాన్ని ఊపడం నాకు తెలియని విద్య కాదు. చిన్నప్పటినుంచి కర్ణాటక సంగీతం నేర్చుకున్నదాన్ని. గమకాలు నాకు కొట్టిన పిండి. ఏ స్వరాన్ని ఎంత ఊపాలో, ఎక్కడినుంచి ఎక్కడికి ఊపాలో, ఏ రాగంలో ఊపకూడదో నన్నడగండి. ఆ ధీమాతో మరుసటి మంగళవారం పాట చివర ఒక మంచి కంపితం వేశాను. పక్కనున్న స్వరాన్ని తాకి వెనక్కి, తాకి వెనక్కి. నా మట్టుకు నాకు అద్భుతంగా అనిపించింది. పెద్దాయన నవ్వాపుకున్నాడు.

"అది నువ్వు చేస్తున్నావు. నువ్వు చేస్తున్నట్టు నాకు కనపడుతోంది కూడా. చెయ్యకు. రానియ్యి."

రానియ్యాలట! రాని దాన్ని ఎలా రానిస్తాను? ఇంటికి ఎవరైనా చుట్టం వస్తానంటే తలుపు తీసి ఉంచుతాం. అసలు బయల్దేరని చుట్టానికి తలుపు తీసుకుని ఎన్నాళ్లు కూర్చుంటాం? ఆయన దవడ వదులు చేయమనేవాడు, భుజాలు దించమనేవాడు, పడుకుని పాడమనేవాడు. పొట్ట మీద చెయ్యి పెట్టి మెల్లగా నొక్కుతూ పాడితే స్వరం కదులుతుంది, ఆ కదలిక ఎలా ఉంటుందో ఒంటికి తెలియాలి అనేవాడు. చెయ్యి నొక్కినంతసేపు కదిలేది. చెయ్యి తీస్తే మళ్లీ కర్ర.

ఆ వేసవంతా నేను చేసిన వెధవ పనులు ఎవరూ చేసి ఉండరు. ఆఫీసుకి డ్రైవ్ చేస్తూ, సిగ్నల్ దగ్గర ఆగుతూ, ఒకే స్వరం పట్టుకుని ఆవలిస్తూ పాడేదాన్ని. తాళం కొట్టే మెట్రొనోమ్ పెట్టుకుని రెండు స్వరాల మధ్య నెమ్మదిగా మొదలుపెట్టి వేగం పెంచితే అదే సహజంగా మారుతుందని ఎవరో వీడియోలో చెప్తే, నెల రోజులు అదీ చేశాను. అది మేక అరుపు దగ్గర ఆగిపోయింది. ఒకసారి ఇండియన్ గ్రాసరీ బయట కారులో కూర్చుని ఆ మేక అరుపు సాధన చేస్తుంటే, కరివేపాకు కట్టలు పట్టుకుని వెళ్తున్న ఎవరో ముసలాయన అద్దం మీద తట్టి, "ఏమ్మా, ఒంట్లో బాలేదా? ఎవరికైనా ఫోన్ చేయమంటావా?" అన్నాడు. ఏం చెప్తాను. "లేదండీ, పాడుతున్నా" అన్నాను. ఆయన నా వంక జాలిగా చూసి వెళ్లిపోయాడు.

రానియ్యి అన్నమాట మాత్రం నా వల్ల కాలేదు. నా గొంతును నేను ఎప్పుడూ వదిలి ఎరగను. స్వరం మొదలవకముందే దాన్ని పట్టుకునే చెయ్యి ఒకటి లోపల సిద్ధంగా ఉంటుంది. ఆ చెయ్యి ఎవరిదో, ఎప్పుడు వచ్చిందో అప్పటికి ఆలోచించలేదు. పుట్టుకతోనే నా గొంతు అంత అనుకునేదాన్ని.

జూలై చివర్లో ఒక ఆదివారం అమ్మావాళ్లింటికి భోజనానికి వెళ్లాను. నాన్న పాత క్యామ్‌కార్డర్ టేపులన్నీ ఎక్కడో ఇచ్చి కంప్యూటర్‌లోకి ఎక్కించుకొచ్చాడు. టీవీకి పెట్టి, పప్పన్నం తింటూ అందరం చూస్తున్నాం. నయాగరా, నయాగరా, మళ్లీ నయాగరా. తర్వాత ఏదో హైస్కూల్ ఆడిటోరియంలో ఉగాది ఫంక్షన్. పట్టు లంగా, ఓణీ, రెండు జడలు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబులు వెతుక్కుంటున్న ఒక పదకొండేళ్ల పిల్ల. నేనే. ఒక లాలిపాట పాడింది.

మొదటి వరుస చివర స్వరం పట్టుకుంది. తిన్నగా పట్టుకుంది. తర్వాత అది కదిలింది.

అన్నం ముద్ద నోటి దాకా వెళ్లి ఆగిపోయింది. "నాన్నా, వెనక్కి తిప్పు" అన్నాను. తిప్పాడు. మళ్లీ కదిలింది. రెండో వరుసలో కూడా. మూడో వరుసలో కూడా. సన్నగా, సమంగా, ఆ పిల్లకు తెలియకుండా. మొహంలో కష్టం లేదు. దాని ధ్యాస అంతా జారిపోతున్న ఓణీ మీద ఉంది. వసంతం నుంచి నేను మంగళవారం మంగళవారం వెళ్లి అడుక్కుంటున్న వస్తువు దాని గొంతులో ఊరికే పడి ఉంది.

"చూశావా, ఎలా వణికేదో!" అంది అమ్మ. నవ్వుతోంది. "అబ్బ, ఆ రోజు నాకెంత సిగ్గేసిందో. అందరూ, ఏంటండీ మీ అమ్మాయి భయపడిపోయింది పాపం అన్నారు. భయం కాదే, నీ గొంతే అంత. ఇంట్లో పాడినా వణికేది. అందుకే కదా నిన్ను ఆ ఆంటీ దగ్గర చేర్పించింది. ఆవిడ పుణ్యమా అని పోయింది."

"అందుకే చేర్పించావా?"

"మరి? నువ్వు ఏడ్చి గోలపెడుతున్నా వదల్లేదు. లేకపోతే ఇవాళ నువ్వు ఇలా పాడేదానివా?"

నేను లేచి చెయ్యి కడుక్కున్నాను. అమ్మ మీద అరిచాను కూడా. ఏమరిచానో ఇక్కడ రాయను. ఆవిడకు సగం అర్థం కాలేదు. "పోయిన రోగం కోసం ఏడుస్తారటే ఎవరైనా?" అంది చివరికి, నిజంగా అయోమయంగా. నాన్న టీవీ ఆపేశాడు.

ఆ వీడియో ఫోన్‌లో పెట్టుకుని మంగళవారం పియానో ఆయన దగ్గరికి వెళ్లాను. ఎవరో చెప్పకుండా వినిపించాను. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. పాటలో మాటలు ఆయనకు తెలియవు. అయిపోయాక ఇంకోసారి పెట్టమన్నాడు.

"ఎవరీ పాప? పెద్దయ్యాక నా దగ్గరికి పంపిస్తావా?"

"పెద్దయ్యాకే వచ్చాను" అన్నాను.

ఆయన నా చేతిలోంచి ఫోన్ తీసుకుని మొహానికి దగ్గరగా పెట్టుకుని ఆ పిల్లను చూశాడు. "ఏమైంది దీనికి?" అని అడిగాడు. నేర్పించారు అని చెప్పాను. మళ్లీ వస్తుందా అని నేను అడిగాను. ఎన్నో ఏళ్లు పిల్లలకు పాఠాలు చెప్పిన మనిషి కదా, ఏదో ఒక ధైర్యం చెప్తాడనుకున్నాను. "నాకు తెలీదు. రాని పిల్లలకు తెప్పించాను. ఉన్నదాన్ని ఇంత బాగా తీసేసిన గొంతును ఎప్పుడూ చూడలేదు" అన్నాడు. అబద్ధం చెప్పడం చేతకాదని ముందే చెప్పాను కదా.

తీసినవాళ్లకు పెట్టడం కూడా తెలిసి ఉండాలి అనిపించింది నాకు. ఇంజనీరింగ్ బుర్ర. ఏ మార్పు చేశారో తెలిస్తే దాన్ని వెనక్కి తిప్పొచ్చు, మా ఉద్యోగంలో రోజూ చేసే పనే. అందుకని ఆ శనివారం పొద్దున్నే ఆంటీ ఇంటికి బయల్దేరాను. ఆవిడ మీద అరవాలని కూడా కొంచెం ఉంది. దాచడం దేనికి.

ఈ ఆంటీ షాంటిలీలో సగం తెలుగు పిల్లలకు సంగీతం చెప్పింది. ఇంటి బేస్‌మెంట్‌లో క్లాసు. చెప్పులు గరాజ్‌లో విడిచి మెట్లు దిగాలి. పదకొండేళ్ల నుంచి కాలేజీకి వెళ్లేదాకా ప్రతి శనివారం నా పొద్దు అక్కడే గడిచింది. వర్ణాలు, కీర్తనలు తర్వాత. ముందు ఒక్క సా. శ్రుతి పెట్టె మోగుతుంటే ఊపిరి ఉన్నంతసేపు ఒక్క సా, ఒక్క పా. కదిలితే మళ్లీ మొదటినుంచి. తిట్టేది కాదు, కొట్టేది కాదు. "మళ్లీ తల్లీ" అనేది, అంతే. ఆ "మళ్లీ తల్లీ" ఎన్ని వందలసార్లు విన్నానో. జ్వరం వస్తే ఫోన్ చేసి మిరియాల చారు ఎలా పెట్టాలో మా అమ్మకు చెప్పేది కూడా ఆవిడే. అలాంటి మనిషి మీద ఎలా అరుస్తాం? మెట్లు దిగుతుండగానే నా కోపం సగం చల్లారిపోయింది.

ఆంటీ ఇప్పుడు మోకాళ్ల నొప్పులతో కుర్చీలో కూర్చుని చెప్తోంది. శ్రుతి పెట్టె పోయి ఫోన్ వచ్చింది. ఎదురుగా చాప మీద పన్నెండేళ్ల పిల్ల ఒకతి, వెనక సోఫాలో వాళ్లమ్మ. నన్ను చూడగానే ఆంటీ మొహం వెలిగిపోయింది. "రా తల్లీ, రా! ఎన్నాళ్లకు! ఇదిగో, నేను చెప్తుంటానే, ఆ అక్క ఈవిడే" అంది ఆ పిల్లతో. పిల్ల నాకు "హాయ్ ఆంటీ" చెప్పింది. అక్కనుంచి ఆంటీకి అక్కడికక్కడే ప్రమోషన్.

పిల్లను నీళ్లు తాగి రమ్మని పంపి, ఆంటీ నా చెయ్యి పట్టుకుంది. నేను నాన్చకుండా అడిగాను.

"ఆంటీ, చిన్నప్పుడు నా గొంతు వణికేది, గుర్తుందా?"

"గుర్తులేకపోవడమేమిటి! ఎంత మొండి వణుకో అది! నా సర్వీసులో అంత మొండిది చూళ్లేదు. పండక్కి పోయిందనుకుంటే మళ్లీ ఎండాకాలానికి వచ్చేది."

"అది నాకు మళ్లీ కావాలి ఆంటీ."

ఆవిడ నవ్వింది. నేను నవ్వకపోవడం చూసి ఆగింది. జాజ్ గురించి, పియానో ఆయన గురించి, ఆ చోటు గురించి చెప్పాను. వేళాకోళం చేస్తుందనుకున్నాను. చెయ్యలేదు. చాలా శ్రద్ధగా విని, చాలాసేపు ఆలోచించింది.

"తీసెయ్యడం మా గురువుగారు నాకు నేర్పారు తల్లీ. పెట్టడం ఆవిడకూ తెలీదు. తెలిస్తే నీకు చెప్పనా?" అంది. తర్వాత నా మొహం చూసి, తప్పు చేసినట్టు కాదుగానీ, సర్దిచెప్తున్నట్టు అంది. "చూడమ్మా, సా, పా కదలకూడదు. అవి కదలకుండా నిలబడితేనే మిగతా స్వరాలను నువ్వు అనుకున్నట్టు ఊపగలవు. గొంతు దానంతట అదే ఊగుతుంటే ఇక నువ్వు పాడేదేముంది, అదే పాడుతున్నట్టు."

పియానో ఆయనకు కావలసింది సరిగ్గా అదే. ఈవిడ చెప్పినదాంట్లో తప్పు లేదు. ఆయన చెప్పినదాంట్లోనూ లేదు. తప్పులు వెతకడమే తిండి పెడుతున్న నాకు, ఇద్దరిలో ఒక్కరి దగ్గరైనా ఒక్క తప్పు దొరికి ఉంటే ఎంత హాయిగా ఉండేదో.

పిల్ల వచ్చి కూర్చుంది. ఆంటీ పా పట్టమంది. పిల్ల కళ్లు మూసుకుని పట్టింది. తిన్నగా మొదలైంది. తర్వాత కదిలింది.

అదే. సన్నగా, సమంగా. ఆ పిల్ల గొంతులో ఏ చెయ్యీ లేదు.

"మళ్లీ తల్లీ" అంది ఆంటీ.

మళ్లీ పాడింది. మళ్లీ కదిలింది. పిల్ల కళ్లు తెరిచి, ఏడుపు మొహంతో, "ఐయామ్ నాట్ డూయింగ్ ఇట్, ఆంటీ. అదే వస్తుంది" అంది.

"రానివ్వండి ఆంటీ" అన్నాను నేను.

ఎప్పుడూ ఆ గదిలో ఆంటీ మాటకు అడ్డం మాట్లాడి ఎరగను. ఆవిడ కుర్చీలో ఇటు తిరిగి నన్ను చూసింది. సోఫాలో ఉన్న తల్లి కూడా ఫోన్ పక్కన పెట్టింది. "అంటే ఏంటండీ?" అని అడిగింది. చెప్పాను. అది జబ్బు కాదు, భయం కాదు. అలా గొంతు కదలడం కోసమే జాజ్ పాడేవాళ్లు కొంతమంది ఏళ్ల తరబడి తిప్పలు పడతారు, అయినా రాదు, అని చెప్పాను. బాగా చెప్పలేదేమో. మాట తడబడింది.

"ఎవరండీ పడేది?" అంది తల్లి.

"నేనే."

ఆవిడ వినయంగానే నవ్వింది. "మీకు అది పోయింది కాబట్టే అంత బాగా పాడతారని కదండీ ఆంటీ ఎప్పుడూ మీ గురించి చెప్పేది. కాంపిటీషన్‌లో జడ్జిలు దీనికే మార్కులు కట్ చేస్తున్నారు. ఇంటికొచ్చి ఒకటే ఏడుపు. మూడు నెలల నుంచి ఇదే తంతు. ఫ్యూచర్‌లో ఎప్పుడో జాజ్ పాడుతుందేమో అని ఇప్పుడు దీన్ని ఏడిపించలేను కదండీ."

ఇంకేదో అనబోయాను. ఈలోపు ఆ పిల్లే నా చెయ్యి పట్టుకుంది. దాని అరచెయ్యి తడిగా ఉంది.

"ఆంటీ, నాకది వద్దు. ప్లీజ్. మీకెలా పోయింది? హౌ డిడ్ యూ గెట్ రిడ్ ఆఫ్ ఇట్?"

పదకొండేళ్లప్పుడు నన్ను కూడా ఎవరైనా అడిగి ఉంటే నేనూ వద్దనే చెప్పి ఉండేదాన్ని. ఆ ఆడిటోరియంలో అందరూ నన్ను చూసి పాపం అన్నారు. పాపం అనిపించుకోవడం ఏ పిల్లకు కావాలి? నేను ఆ పిల్ల కోసం మాట్లాడుతున్నాననుకున్నాను. ఆ పిల్లకు అక్కర్లేని దాన్ని నాకోసం దాని గొంతులో దాచిపెట్టమని అడుగుతున్నానని అప్పుడు తెలిసింది.

"నువ్వు దాని పక్కన కూర్చుని పట్టు తల్లీ" అంది ఆంటీ మెత్తగా. "నీ గొంతు వింటే దానికి దారి దొరుకుతుంది."

కూర్చున్నాను. గురువు చెప్తే కూర్చోకుండా ఎలా ఉంటాం? ఒక్కటి మాత్రం మనసులో అనుకున్నాను. ఇప్పుడు, ఈ ఒక్కసారి, నా గొంతు కదిలితే చాలు. ఈ పిల్ల ఎదురుగా కదిలితే, ఈ పిల్లకైనా ఏదో అర్థమవుతుంది. దవడ వదిలేశాను. భుజాలు దించేశాను. పియానో ఆయన చెప్పినవన్నీ చేశాను. చెయ్యకుండా ఉండటం కూడా చేశాను. పా పట్టాను.

నిలబడింది. ఎంత బాగా నిలబడిందంటే, ఫోన్‌లోని శ్రుతి ఏదో నా గొంతేదో నాకే తెలియలేదు. ఊపిరి చివరిదాకా వెళ్లి చూశాను, అక్కడా లేదు. ఏమీ లేదు. ఎక్కడో ఒక మూల దాక్కుని ఉంటుందని ఇన్నాళ్లూ అనుకున్నాను, ఆ వేసవంతా వెతికాను. దాక్కోలేదు. పోయింది. ఇక నా శుక్రవారాల పాట కూడా అంతే అని అక్కడే తెలిసిపోయింది.

పిల్ల నా గొంతును పట్టుకుని వస్తోంది. మొదటిసారి కొంచెం కదిలింది. రెండోసారి చివర్లో మాత్రం కదిలింది. మూడోసారి నా స్వరం పక్కనే దాని స్వరం నిలబడి, ఊపిరి అయిపోయేదాకా కదలకుండా ఉండిపోయింది. ఆంటీ "ఆహా!" అంది. కళ్లు తుడుచుకుంది. తల్లి సోఫాలోంచి లేచి వచ్చి నాకు దండం పెట్టినంత పని చేసింది. "ఇన్నాళ్లకండీ! మీరు వచ్చిన వేళావిశేషం!"

ఇక నువ్వు ఒక్కదానివే పట్టు అంది ఆంటీ. పిల్ల ఒంటరిగా పా పట్టింది. నేను చెవులు రిక్కించుకుని విన్నాను. ఉద్యోగంలో కూడా అంత శ్రద్ధగా ఎప్పుడూ వెతకలేదు. ఒక చిన్న బెసుకు, ఒక చిన్న వణుకు, ఏదైనా మిగిలి ఉంటుందేమోనని. ఏదీ మిగల్లేదు. ఆపి, మొహమంతా నవ్వుతో నా వైపు తిరిగింది.

"బాగుందా ఆంటీ?"

"బాగుంది నాన్నా" అన్నాను. అబద్ధం కాదు. స్వచ్ఛంగా, గీత గీసినట్టుగా ఉంది. అంతకు ముందు పాడినదానికంటే ఇదే బాగుందని నా చెవులు కూడా చెప్తున్నాయి. అదే నా ఏడుపు.